ముందు నీళ్ళు, తర్వాతే అగ్గి

మంటకి అంత దగ్గర కూచోవద్దు నాయనా, రోంత వెనక్కి జరగండి. పాపా, ఆ నైలాను చున్నీ తీసి అవ్వకియ్యి. దాని మీద ఒక్క నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాది. నూలు దుప్పటి కప్పుకో. ఆఁ, ఇప్పుడు చెప్తా.

పెద్దోడు అమెరికా నుంచి దిగినప్పటినుంచీ ఒకటే మాట అడుగుతాండాడు. 'తాతా, మీ కాలంలో టపాకాయలు ఊర్లోనే చేస్తాండిరంట గదా, నేను గూడా సొంతంగా చేయాలనుకుంటాండా, యాడ మొదలుపెట్టాల?' అని. అడిగినందుకు నాకు సంతోషం. అడక్కుండా మొదలుపెట్టినోళ్ళని చానామందిని చూసినా. వాళ్ళలో కొందరి చేతులు గూడా చూసినా. అందుకే ఈ రాత్రి తొందర పెట్టకుండా వినండి.

మా చిన్నప్పుడు దీపావళి అంటే అంగట్లో కొనుక్కొచ్చే పండగ గాదు. శివకాశి డబ్బాలు గుంతకల్లు దాకా వచ్చినా మాలాంటోళ్ళ ఇండ్లకి యాడ వస్తాయి? వాన కోసం మొగులు చూసే సీమ ఇది. శెనక్కాయ పండితే పండగ, పండకుంటే గడప కాడ రెండు దీపాలు పెట్టి పడుకునేది. పంట చేతికొచ్చిన ఏడు మాత్రం తేరుకి, పెండ్లి మెరవణికి, పీర్ల పండగకి బాణాలు కాల్చాల్సిందే. ఆ పనికి ఊర్లో ఒక సాయిబు ఉండె. అందరూ ఉస్తాదు అంటాండిరి. మా నాయన మాత్రం 'మామా' అని పిలుస్తాండె, ఆయన మా నాయనని 'అల్లుడా' అంటాండె. ఆయన సంగతి నిదానంగా చెప్తా. దానికి ముందు మన కొండ సంగతి వినాల.

అదో, కోట. అంత ఎత్తున కొండ అంచులో సున్నం నునుపు చేసిన చిన్న మండపం ఒకటి ఉండాది, పగలు ఎక్కినప్పుడు చూపిస్తా. మురారిరావు అక్కడ కూచుని కింద మైదానం చూస్తాండెనంట. మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దారు, గుత్తి ఆయన రాజధాని. ఆ కోటని బలంతో పట్టుకోవడం ఎవరి తరమూ గాదని పేరు. మైసూరు నుంచి హైదరాలీ వచ్చి చుట్టూ దండు దింపినాడు. కోటలో ఫిరంగులుండె, మనుషులుండిరి, ధైర్యముండె. నీళ్ళు అయిపాయె. 1776లో కోట లొంగిపాయె. మురారిరావుని పట్టకపోయి కబ్బాళదుర్గంలో పెడితే ఆయన అక్కడే కన్నుమూసినాడు. మా నాయన ఈ కథ చెప్పినప్పుడల్లా, గుత్తిలో పుట్టినోడు అగ్గి పని మొదలుపెట్టే ముందు నీళ్ళు యాడున్నాయో చూసుకోవాలంటాండె. ఉస్తాదు గూడా మొదటి రోజు మాకు చెప్పింది అదే.

హైదరాలీ దండులో రాకెట్లు వదిలేదానికి వేరే పటాలమే ఉండె. జానెడు ఇనప గొట్టంలో మందు కూరి, పొడుగాటి వెదురు కట్టెకి కట్టి వదులుతాండిరి. 1780లో పొల్లిలూరు కాడ ఇంగ్లీషోళ్ళు చిత్తుగా ఓడిపోయినప్పుడు ఈ రాకెట్లే వాళ్ళ మందుబండ్లని అంటించినాయని చెప్తారు. 1799లో శ్రీరంగపట్నం పడినంక మిగిలినవాటిని ఇంగ్లండుకి తీసకపోయిరి. వాటిని చూసే విలియం కాంగ్రీవు తన రాకెట్లు తయారుచేసినాడు. మొన్న 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావి పూడిక తీస్తే టిప్పు కాలం నాటి రాకెట్లు వెయ్యికి పైగా బయటపడినాయి. రెండు వందల ఏండ్లు బురదలో ఉండినా గొట్టాల్లో ఇంకా మందు ఆనవాలు ఉండాదంట.

యుద్ధం ఒక్కటే గాదులే. 1443లో పారశీకం నుంచి అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చినాడు. అక్కడ మహర్నవమి పండగలో కాల్చిన బాణసంచా చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టుకున్న్యాడు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పాయెస్ అనే పోర్చుగీసాయన గూడా ఆ నవమి రాత్రుల బాణాల గురించి రాసినాడు. హంపి మనకి ఎంత దూరం? గుంతకల్లు దాటి, బళ్ళారి దాటితే వచ్చె. అంటే ఈ కళ మన గడపలోదే. కృష్ణదేవరాయలకి పిల్లనిచ్చిన గజపతి ప్రతాపరుద్రుడి పేరున కౌతుకచింతామణి అని ఒక సంస్కృత గ్రంథం ఉండాది. దాంట్లో బాణాల రకాలు, వాటికి కావల్సిన సరుకులు వరసగా చెప్పినారు. పి.కె. గోడే అనే పండితుడు మన దేశంలో బాణసంచా చరిత్ర రాస్తా 1950లలో దీన్ని లోకానికి చూపించినాడు. రాజు పేరున పుస్తకం రావాలంటే అది ఆషామాషీ పని గాదు గదా.

మరి ఆ సరుకు యాడనుంచి వస్తాండె? గంధకం అంగట్లో కొనాల. బొగ్గు మనమే కాల్చుకునేది. జిల్లేడు కట్టె బొగ్గు తేలిగ్గా, మెత్తగా ఉంటాదని ఉస్తాదు దాన్నే ఏరుకొస్తాండె. సూరేకారం మాత్రం ఒకప్పుడు మన మన్నులోంచే వస్తాండె. పాడుబడిన ఊర్ల పాటి దిబ్బల్లో, గొడ్ల కొట్టాల కాడ, పాత గోడల అడుగున తెల్లగా చవుడు పూస్తాది చూడండి, ఆ మన్ను తెచ్చి గుంతల్లో నీళ్ళు పోసి ఊరబెట్టి, దిగిన నీళ్ళు కాగబెడితే అడుగున పెట్లుప్పు గడ్డకడతాండె. మన సీమలో ఉప్పరోళ్ళు మన్నులోంచి ఉప్పు తీసే విద్యలో ఆరితేరినోళ్ళు. సర్కారు ఉప్పు మీద పెత్తనం పెట్టుకున్నంక మట్టి ఉప్పు తీసే పని ఆగిపాయె. వాళ్ళు చెరువు కట్టలు ఎత్తే పనికి, మట్టి పనికి మళ్ళిరి. మా కాలానికి సూరేకారం గోతాంలో అంగటికే వస్తాండె.

ఇంక ఉస్తాదు.

ఉస్తాదు ఊర్లోపల మందు ముట్టినోడు గాదు. ఊరి బయట, వంక అవతల, బీడు చేన్లో ఆయన జాగా. దీపావళికి నెల ముందే అక్కడ రాళ్ళు ఏరి, కసువు వేర్లతో సహా చెక్కి, నేల కళ్ళం మాదిరి చదును చేస్తాండె. దరిదాపుల్లో గడ్డి వామి ఉండకూడదు, శెనక్కాయ కట్టె ఉండకూడదు. నాలుగు మూలలా నాలుగు బానల నీళ్ళు. పక్కన తడిపిన గోనెపట్టాలు. ఆ నీళ్ళు మోసేది మా పని. మైలు దూరం బావి నుంచి కావడి మీద తెచ్చి నాలుగు బానలు నింపేదాకా ఆయన సంచి గూడా విప్పుతాండ్ల్యా. ఒక ఎండాకాలం బావి అడుగంటింది. పెద్ద ఇంటోళ్ళ పెండ్లి, డబ్బులు ముందే ఇచ్చినారు. 'నీళ్ళు ల్యావు, ఈ సారి బాణాలు ల్యావు' అని డబ్బులు తిరిగిచ్చినాడు. ఆ పెండ్లి గ్యాసు లైట్లతోనే నడిచింది.

పనికి దిగే ముందు చేతి కడియం, మొలతాడు తాళంచెవులు, మేకులు కొట్టిన చెప్పులు, అన్నీ దూరంగా ఒక రాయి మీద పెడతాండె. బీడీ తాగే మనిషి, కానీ పని రోజున బీడీకట్ట, అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వస్తాండె. ఇనుము అనేది ఆ నేల మీద అడుగు పెట్టకూడదు. చెక్క పలక, చెక్క సుత్తి, ఇత్తడి గరిటె, కాగితం. మూడు సరుకులకీ మూడు కుండలు, మూడు జల్లెడలు. ఒకదాని జల్లెడ ఇంకోదానికి ముట్టిస్తే ఆ రోజుకి పని ఆపేసినట్టే. అన్నీ కలిపేది చిట్టచివర, అదీ పిడికెడు పిడికెడుగా, అదీ ఆయన ఒక్కడే. అప్పుడు మమ్మల్ని వంక ఇవతలికి తరిమేస్తాండె. 'పేలితే నేను ఒక్కడినే పోవాల, పిడికెడుతోనే పోవాల' అని నవ్వకుండా అంటాండె. అయిపోయినవి అయిపోయినట్టు ఇంకో చోటికి చేరాల. కలిపిన మందు పక్కన కూరిన గొట్టాలు, కూరిన గొట్టాల పక్కన వత్తులు ఎప్పుడూ పెట్టినోడు గాదు. గాలి తోలితే పని ల్యా. ఉరిమితే పని ల్యా. ఇంట్లో కొట్లాట జరిగిన రోజు, నిద్ర చాలని రోజు పని ల్యా. సాయంత్రం బట్టలు అక్కడే తడిపి పిండి, స్నానం చేసి, అప్పుడు ఇంటికి.

చలికాలంలో ఆయన భయం ఇంకొకటి ఉండె. మార్గశిరం, పుష్యమాసాల్లో మన గాలిలో తడి ఉండదు. రాత్రి కంబడి లాగితే చిటపటమని రవ్వలు కనపడతాయి గదా? ఆ రవ్వ చాలు మందుకి. అందుకే ఆయన నేల మీద నీళ్ళు చల్లి, నూలు పంచె కట్టి, చేతులు తడి నేలకి ఆనించి అప్పుడు సరుకు ముడతాండె. చదువుకున్నోళ్ళు దాన్ని స్థిర విద్యుత్తు అంటారు. ఇప్పుడు లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీల్లో గడప కాడ రాగి రేకు పెట్టి, దాన్ని నేలకి కలిపి, పనోళ్ళు దాన్ని తాకి లోపలికి పోవాల. ఉస్తాదు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన అబ్బాజాన్ చెప్పినాడు, ఆయన పాటించినాడు.

శిష్యరికం గూడా చెప్తా, ఏంటికంటే పెద్దోడు అడిగేది అదే గదా, యాడ మొదలు అని. మొదటి ఏడు నీళ్ళు మోసేదే. రెండో ఏడు గొట్టాలు చుట్టేది. పాత కాగితాలు, మైదా జిగురు, నున్నటి కట్టెపుల్ల. వదులు లేకుండా, మడత పడకుండా చుట్టి నీడలో ఆరబెట్టాల. గట్టిగా చుట్టని గొట్టం పక్కకి చీలుతాది, జువ్వ పైకి పోకుండా మనిషి మీదికి వస్తాది. ఆయన ప్రతి గొట్టాన్ని చెవి కాడ పెట్టుకుని గోరుతో తట్టి చూసి, నచ్చకుంటే నలిపి పారేస్తాండె. కుమ్మరాయన తెచ్చిన చిచ్చుబుడ్లలో బీట ఉన్నవి ఏరేది మూడో ఏడు. మందు చేతికిచ్చింది ఎవరికో తెలుసా? ఆయన కొడుక్కి మాత్రమే, అదీ వానికి పెండ్లి అయినంక. మాకెవరికీ ఇయ్యల్యా. ఆ రోజు కోపం వచ్చింది గానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆ చేన్లో ఆయన ఉండినన్నాళ్ళూ ఒక్క పిల్లోనికి గూడా కాలలేదు.

అంతా మారింది పొటాసుతో.

పొటాసు అంటే పొటాషియం క్లోరేటు. అగ్గిపుల్ల తలలో ఉండేది అదే. సూరేకారంతో చేసిన మందుకి అగ్గి తగలాల. పొటాసు గంధకంతో కలిసిందంటే అగ్గి అవసరమే ల్యా. రుద్దినా పేలుతాది, దంచినా పేలుతాది, కింద పడినా పేలుతాది, ఒక్కోసారి ఎండకి పెట్టినా, ఊరికే పెట్టినా పేలుతాది. ఇంగ్లండులో ఈ రెండూ కలపొద్దని 1894లోనే నిషేధం పెట్టిరి. మన దేశంలో ఆ నిషేధం 1992లో వచ్చింది. మధ్యలో దాదాపు నూరేండ్లు. ఆ నూరేండ్లలో ఎన్ని ఇండ్లలో ఎన్ని రోళ్ళు పగిలినాయో ఎవరు లెక్క పెట్టినారు? శబ్దం బాగా వస్తాదని, చవకని, తొందరగా అయిపోతాదని జనం దాని ఎంట పడిరి. ఉస్తాదు దాన్ని ముట్టల్యా. మా వీధికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో ముట్టిరి. పండగకి నాలుగు రోజుల ముందు, వంటింటి పక్క వసారాలో, రోట్లో. ఆ ఇంటి పెద్ద పిల్లోడు నాతో బడికి వచ్చేటోడు. వానికి కుడిచేతి మూడు వేళ్ళు పోయినాయి, ఒక కన్ను పోయింది. వాడు బతికినాడు, పెండ్లి అయింది, పిల్లలు పుట్టిరి. కానీ బతుకంతా ఎడమచేత్తో అన్నం తిన్న్యాడు. మీరు ఈ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు.

పాత కాలమని గాదు. 2014 అక్టోబరులో తూర్పుగోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా కేంద్రం పేలి పదిహేను మందికి పైగా పోయిరి, చానామంది ఆడోళ్ళే, కూలికి వచ్చినోళ్ళే. 2016 ఏప్రిల్‌లో కేరళలో కొల్లం కాడ పుట్టింగల్ గుడిలో బాణాల పోటీలో నిల్వ పేలి నూరు మందికి పైగా చచ్చిపోయిరి. 2024 దీపావళి రోజున ఏలూరులో ఉల్లిగడ్డ బాంబులు సంచిలో పెట్టుకుని స్కూటరు మీద పోతాంటే గుంతలో బండి కుదిపింది, అంతే, పేలింది. ఒకాయన అక్కడికక్కడే పోయినాడు, చుట్టుపక్కలోళ్ళకి గాయాలాయె. అగ్గి లేదు, వత్తి లేదు, ఒక్క కుదుపు. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది. అది లైసెన్సు ఉన్న కేంద్రమే. ఏండ్ల తరబడి అదే పని చేసేటోళ్ళకే ఇట్లయితే, వీడియో చూసి మిద్దె మీద మొదలుపెట్టినోని గతి ఏంది?

చట్టం సంగతి గూడా దాచకుండా చెప్తా. మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది. దాని కింద ఇప్పుడు నడిచేవి 2008 నియమాలు. లైసెన్సు లేకుండా బాణసంచా తయారు చేయడం నేరం. 'నేను అమ్మడానికి గాదు, సరదాకి' అంటే ఒప్పుకునే మాట ఆ చట్టంలో ల్యా. ఒక సారికి 15 కిలోల లోపు తయారు చేసేదానికి జిల్లా కలెక్టరు లైసెన్సు ఇస్తాడు. అంతకు మించితే నాగపూరులో పెద్దాఫీసు ఉండే కేంద్ర పేలుడు పదార్థాల సంస్థ చూస్తాది. ఆ లైసెన్సుకి ఇంటి వసారా పనికిరాదు. వేరే షెడ్లు, వాటి మధ్య ఎడం, బయటికి తెరుచుకునే తలుపులు, ఒక గదిలో నలుగురికి మించకుండా మనుషులు. చూడండి, ఇదంతా ఉస్తాదు చేన్లో చేసిందే. బానలు, ఎడం, పిడికెడు సరుకు. చట్టం రాసినోళ్ళు చచ్చినోళ్ళని లెక్కపెట్టి రాసినారు, ఉస్తాదు వాళ్ళ తాతల్ని చూసి నేర్చుకున్న్యాడు. రెండూ ఒక్క చోటికే వచ్చినాయి.

పెద్దోడా, నీ సంగతి వేరే. మీ దేశంలో దీన్ని సరదాగా చేసేటోళ్ళ సంఘం 1969 నుంచీ ఉండాదని నువ్వే చెప్పితివి. పైరోటెక్నిక్స్ గిల్డ్ ఇంటర్నేషనల్, అదే గదా? ఏటా ఒక చోట చేరి, నేర్చుకుని, పెద్ద మైదానంలో కాలుస్తారంట. అక్కడ సొంత వాడకానికి చేసుకుంటే కేంద్ర చట్టం తయారీ లైసెన్సు అడగదు, కానీ నిల్వకి, రవాణాకి నియమాలుండాయి. రాష్ట్రాల చట్టాలు మళ్ళా వేరే. అట్లయితే నువ్వు చేయాల్సింది ఒకటే. ఆ సంఘంలో చేరు. రెండు మూడు ఏండ్లు నీళ్ళు మోయి. అంటే వాళ్ళ మైదానంలో కాల్చినంక మిగిలిన చెత్త ఏరు, కంచెలు కట్టు, అగ్గి ఆర్పేటోని పక్కన నిలబడు. తలనెరిసిన మనిషి ఎవరన్నా 'ఇప్పుడు రా' అని పిలిచేదాకా మందు ముట్టకు. పుస్తకం చదివి ఒంటరిగా గ్యారేజీలో మొదలుపెట్టినావంటే నేను ఇక్కడ నిద్ర పోలేను నాయనా, ఆ మాట గుర్తుపెట్టుకో.

మిగిలినోళ్ళకి, ఇక్కడ గుత్తిలో ఉండేటోళ్ళకి, మందు లేకుండా అగ్గిపూలు పూయించే విద్య ఒకటి ఉండాది. నేర్పుతా. మా అమ్మ పుట్టిల్లు చిత్తూరు పక్క. ఆమె తెచ్చిన విద్య ఇది. తమిళోళ్ళు కార్తీక దీపాలకి మావళి అని తిప్పుతారు, మనోళ్ళు పొట్లం అంటారు. దాంట్లో సూరేకారం ల్యా, గంధకం ల్యా, పొటాసు ల్యా. ఉండేదంతా బొగ్గే. పేలేది ఏమీ ల్యా.

తాటిచెట్టులో మగచెట్టుకి గెలలు రావు, పొడుగాటి పూల కంకులు వస్తాయి. ఎండాకాలంలో అవి ఎండి రాలినప్పుడు ఏరి పెట్టుకోవాల. మన వైపు తాళ్ళు తక్కువ, బంధువుల ఊర్ల నుంచి తెప్పించుకోవాల. ఒక గుంత తవ్వి, కంకులు పేర్చి అంటించి, బాగా కాలి ఎర్రగా అయినాక మన్ను కప్పి గాలి ఆడకుండా మూసేయాల. ఒక రాత్రి, ఒక పగలు అట్లే వదిలేయాల. తొందరపడి తీస్తే మళ్ళా రాజుకుంటాది, బూడిద అవుతాది. పూర్తిగా చల్లారినాక తీసి మెత్తగా నూరాల. ఇది మాత్రం రోట్లో దంచొచ్చు, బొగ్గు ఒక్కటే గదా, కానీ ముక్కుకి గుడ్డ కట్టుకోండి. రోంత కల్లుప్పు కలిపితే చిటపటమంటాది. పాత నూలు చీర పేలిక మీద ఈ పొడి పరిచి, మూర పొడుగు గొట్టం మాదిరి గట్టిగా చుట్టి, దారంతో బిగించి, పైన పేడ పల్చగా పూసి ఆరబెట్టాల. తాటిమట్టని మూడు చీలికలు చేసి, మధ్యలో ఈ పొట్లం ఇరికించి కట్టి, పైకొనకి గట్టి తాడు. పొట్లం కొనకి రెండు నిప్పు కణికలు పెట్టి ఊదితే నిదానంగా రాజుకుంటాది. అప్పుడు తాడు పట్టుకుని తల చుట్టూ తిప్పాల.

తిప్పితే ఏం జరుగుతాదో తెలుసా? గాలికి బొగ్గు రవ్వలు లక్షలుగా లేస్తాయి. మనిషి చుట్టూ బంగారు చక్రం. తాడు పొడుగు పెంచితే చక్రం పెరుగుతాది. తిప్పే చేతి వేగం మారిస్తే రవ్వలు పైకి లేస్తాయి, కిందికి వాలతాయి. మా అమ్మ వంక ఒడ్డున తిప్పుతాంటే ఊరు ఊరంతా మిద్దెలెక్కి చూస్తాండె. పొగ తక్కువ, చప్పుడు ల్యా, గొడ్లు బెదరవు. నా కంటికి అంతకన్నా అందమైన బాణం ఏదీ ఆనలేదు. శివకాశి సరుకు కొన్నా అంతే.

కానీ దాంట్లో గూడా అగ్గి ఉండాది. తిప్పేటోని చుట్టూ ఇరవై అడుగుల్లో ఎవరూ నిలబడకూడదు. తాడు పాతది వాడొద్దు, మట్ట వదులుగా కట్టొద్దు, ఊడి ఎగిరితే ఎవరి మీద పడుతాదో తెలీదు. గాలి ఉన్న రోజు వద్దు. వామికి, కొట్టానికి, ఎండిన చేనుకి దూరంగా, చెరువు మడవలోనో, వంక ఇసకలోనో. గుత్తిలో కార్తీకానికే కసువు ఎండిపోయి ఉంటాది, ఒక్క రవ్వకి గుట్టంతా అంటుకుంటాది. తిప్పేటోడు నూలు బట్టలు, నెత్తికి నూలు తువ్వాలు. రెండు బక్కెట్ల నీళ్ళు. అయిపోయిన పొట్లం నీళ్ళలో ముంచి, చేత్తో పట్టుకుని చల్లగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు పారేయాల.

కొన్న సామాను కాల్చేటప్పుడు గూడా ఇదే పద్ధతి. చిచ్చుబుడ్డి మీదికి వంగి అంటించొద్దు, పక్కనుంచి చేయి చాచి పొడుగు కాకరపువ్వొత్తితో అంటించాల. తుస్సుమన్న దాన్ని మళ్ళా అంటించొద్దు, కాలుతో తన్నొద్దు, నీళ్ళు పోసి వదిలేయండి. కాకరపువ్వొత్తి చిన్నపిల్లల సామాను అనుకుంటారు గానీ దాని తీగ వెయ్యి డిగ్రీలు దాటి కాగుతాది. ఆరిపోయిన తీగ ఇసక డబ్బాలో గుచ్చాల, లేకుంటే దాన్ని తొక్కి కాల్చుకునేది పసిపిల్లలే. కాలిందంటే ఇరవై నిముషాలు పారే చల్లనీళ్ళ కింద పెట్టాల. సిరా, పసుపు, టూత్‌పేస్టు ఏదీ పూయొద్దు. కంట్లో పడితే నలపొద్దు, శుభ్రమైన కప్పు అడ్డం పెట్టి నేరుగా డాక్టరు కాడికి.

రంగుల మీద ఆశ ఉండేటోళ్ళు బడిలో సైన్సు సారుని అడగండి. ప్రయోగశాలలో మంటలో లవణం పెట్టి చూపిస్తాడు. మామూలు ఉప్పుకి పసుపు, స్ట్రాన్షియానికి ఎరుపు, బేరియానికి పచ్చ, రాగికి నీలం కలిసిన పచ్చ. ఆకాశంలో పూసే రంగులన్నీ అవే. ఆ బేరియం విషమని సుప్రీంకోర్టు టపాకాయల్లో వాడొద్దని చెప్పింది. 2018లో పొగ తక్కువ వచ్చే పచ్చ టపాకాయలే కాల్చాలని, దీపావళికి రాత్రి ఎనిమిది నుంచి పది దాకా మాత్రమేనని తీర్పు ఇచ్చింది. వాటిని నాగపూరులో నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసినారు. అట్లాంటి చోట పనిచేసేదానికి రసాయన శాస్త్రం చదవాల. చదవండి. అది గూడా ఈ కళలోకి పోయే దారే, అన్నిటికన్నా మంచి దారి.

దీంట్లోనే బతకాలనుకునేటోడు ఎవరన్నా ఉంటే శివకాశి కథ వినండి. అది గూడా మన మాదిరి వానల్లేని సీమే. 1923లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు యువకులు కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చిరి. ముందు అగ్గిపెట్టెలు, తర్వాతనే టపాకాయలు. ఊరు ఊరికే అన్నం పెట్టింది ఆ పని. అక్కడ ఇప్పుడు బాణసంచా పరిశోధన కేంద్రం గూడా ఉండాది. కానీ ఆ ఇద్దరూ ఇంట్లో కూచుని కలిపి చూసుకోలేదు, రైలెక్కి నేర్చుకునేదానికి పోయిరి. అది చానా ముఖ్యం. లైసెన్సు ఉన్నోళ్ళ కాడ చేరి, పని తెలిసినోని చేతి కింద, షెడ్ల మధ్య ఎడం ఉండే చోట. వేరే దారి ల్యా. తయారుచేసే విద్యని నేను ఎవరికీ మిద్దె మీద నేర్పను, మీరు గూడా ఎవరి కాడా అట్ల నేర్చుకోవద్దు.

ఇంకొక్క మాట చెప్పి లేస్తా. పాత ఇండ్లలో అటకల మీద, గోతాముల్లో, ఎప్పుడో తాతలు తెచ్చిన పొటాసు పొట్లాలు, నాటు బాంబులు ఇంకా ఉండాయి. మొన్న గూడా ఒకరు మిద్దె పడగొడతా ఒక డబ్బా చూసినారంట. అట్లాంటిది కనపడితే తీయొద్దు, కదపొద్దు, ఎండకి పెట్టొద్దు, నీళ్ళలో పారేస్తామని మోసకపోవద్దు. ఇంట్లో పిల్లల్ని బయటికి తీసకచ్చి, దూరం నుంచి 112కి ఫోను చేయండి. పోలీసోళ్ళు తెలిసినోళ్ళని పంపిస్తారు. ఈ ఊర్లో ప్రతి ఇంటికీ ఈ మాట చేరేటట్టు మీరు చూడండి నాయనా, రేపు పొద్దున్నే మొదలుపెట్టండి.